పెరట్లో హాట్ టబ్: ఎవరి అనుమతి, ఏ వైరు, ఎలాంటి మూత

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట హాట్ టబ్ (కూర్చుని సేదతీరే వేడి నీళ్ళ తొట్టి) మాట వస్తే, ధర తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే: పర్మిట్ తీసుకోవాలా? ఒకరు "అబ్బే, ఏమీ అక్కర్లేదండీ, తెచ్చి ప్లగ్గు పెట్టుకున్నాం" అంటారు. ఇంకొకరు "కరెంటు పని వరకు తీసుకున్నాం, అంతే" అంటారు. మూడో ఆయన తన డెక్ (ఇంటికి ఆనించి కట్టే చెక్క వేదిక) డ్రాయింగుల కథ మొదలుపెడితే భోజనాలు అయిపోతాయి గానీ అది అవదు. తమాషా ఏమిటంటే ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. వాళ్ళ ఊళ్ళు వేరు, కొన్న టబ్బులు వేరు, వాటిని పెట్టిన చోట్లు వేరు.

అసలు చాలా ఊళ్ళలో "హాట్ టబ్ పర్మిట్" అనే కాగితమే ఉండదు. ఉండేవి బిల్డింగ్ పర్మిట్, ఎలక్ట్రికల్ పర్మిట్, గ్యాస్ హీటర్ పెడితే దానికో పర్మిట్, వీటన్నిటికీ ముందు జోనింగ్ (స్థలంలో ఏది ఎక్కడ పెట్టొచ్చో చెప్పే విభాగం) వాళ్ళ సరే. మనం కొన్న టబ్బు వీటిలో దేన్ని కదిలిస్తుందన్నదే లెక్క. ఫ్యాక్టరీలో తయారై వచ్చే టబ్బు లోపలి పంపు, హీటరు, కంట్రోల్ బోర్డు సంగతి యూఎల్ 1563 అనే ప్రమాణం చూసుకుంటుంది. ఆ ముద్ర ఉంటే సిటీ ఇన్‌స్పెక్టర్ టబ్బు విప్పి చూడడు. ఆయన చూసేవన్నీ టబ్బు బయటివి: అది దేని మీద కూర్చుంది, ఏ వైరుతో నడుస్తోంది, దేనికి ఎంత దూరంలో ఉంది, పక్కింటి మూడేళ్ళ పిల్లాడు దాని దాకా ఎలా రాగలడు. ఈ నాలుగూ కొనే ముందు తేలిస్తే తర్వాత టెన్షన్ ఉండదు. చాలామంది సేల్ ఉందని టబ్బు ముందు కొని, చోటు తర్వాత వెతుక్కుంటారు. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

రూలు ఎవరిది?

ఇళ్ళలో వాడే హాట్ టబ్బులకు వాషింగ్టన్‌లోని ఫెడరల్ ప్రభుత్వం నుంచి ఏ పర్మిటూ రాదు. దేశం మొత్తానికి నమూనాగా కొన్ని కోడ్‌లు, అంటే నియమావళులు, ఉంటాయి. ఇళ్ళకు ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్, ఈతకొలనులకూ స్పాలకూ (కోడ్‌లలో హాట్ టబ్బులూ వీటిలోకే వస్తాయి) 2012లో తొలి ముద్రణ వచ్చిన ఇంటర్నేషనల్ స్విమ్మింగ్ పూల్ అండ్ స్పా కోడ్, కరెంటుకు నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. పేర్లలో "ఇంటర్నేషనల్", "నేషనల్" అని ఉన్నా ఇవి వాటంతట అవి చట్టాలు కావు. రాష్ట్రమో సిటీనో కౌంటీనో ఫలానా సంవత్సరపు ముద్రణను, ఫలానా మార్పులతో స్వీకరించాం అని తీర్మానించుకున్నప్పుడే అవి అక్కడ చెల్లుతాయి. అందుకే ఒక ఊళ్ళో 2017 నాటి కోడ్, పక్క ఊళ్ళో 2023 నాటిది నడుస్తూ ఉండొచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే మూడు రాష్ట్రాలు చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది. న్యూజెర్సీలో రాష్ట్రమంతటికీ ఒకే నిర్మాణ కోడ్, అమలు మాత్రం టౌన్‌షిప్ ఆఫీసుది. ఎడిసన్‌లో ఉన్న రూలే పక్క టౌన్‌షిప్‌లోనూ ఉంటుంది, కానీ జోనింగ్ దూరాలు మాత్రం మారిపోతాయి. కాలిఫోర్నియాలో రాష్ట్ర కోడ్ ఉంది, దాని మీద ప్రతి సిటీ తన మార్పులు తాను కలుపుకుంటుంది. టెక్సాస్ 2019లో చట్టం చేసి ఆ పూల్ అండ్ స్పా కోడ్‌నే తన సిటీలకు ప్రాతిపదికగా పెట్టింది. అయితే సిటీ హద్దు దాటితే అక్కడి కౌంటీలకు బిల్డింగ్ కోడ్‌ల మీద ఉన్న అధికారం చాలా తక్కువ. అందుకని డాలస్ శివార్లలో కొత్త కాలనీలో ఉన్నవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మన ఇంటి అడ్రస్‌లో ఊరి పేరు రాసినంత మాత్రాన మన స్థలం ఆ సిటీ హద్దుల్లో ఉన్నట్టు కాదు. పోస్టాఫీసు హద్దు వేరు, సిటీ హద్దు వేరు. పన్ను బిల్లులో సిటీకి కడుతున్నామా లేదా చూస్తే తెలిసిపోతుంది.

ఇక "మా ఫ్రెండ్ వాళ్ళకి అక్కర్లేదన్నారు" అనే మాటకు మూలం చాలాసార్లు ఒక అంకె: 24 అంగుళాలు. రెసిడెన్షియల్ కోడ్‌లో పర్మిట్ అవసరం లేని పనుల జాబితా ఒకటుంది. 24 అంగుళాల కంటే తక్కువ లోతుండే రెడీమేడ్ కొలనులు అందులో ఉన్నాయి. పిల్లలు ఆడుకునే గాలి కొలనులకు పనికొచ్చే మినహాయింపు అది. కూర్చుంటే భుజాల దాకా నీళ్ళు వచ్చే హాట్ టబ్ దాదాపు ఎప్పుడూ దానికంటే లోతే. కాలిఫోర్నియా ఇంకా కఠినం. అక్కడి కొలను భద్రత చట్టం 18 అంగుళాల నీటి దగ్గరే మొదలవుతుంది, నిర్వచనంలో హాట్ టబ్, కదిలించగలిగే స్పా అని పేర్లు పెట్టి మరీ చెప్పింది. గాలి ఊది నిలబెట్టే టబ్బయినా, ప్లగ్గుతో నడిచేదైనా, కంచె విషయంలో దానికి వేరే లెక్కేమీ లేదు. ప్లగ్గు పెట్టుకునే టబ్బుకు ఎలక్ట్రికల్ పర్మిట్ తప్పొచ్చు, పిల్లల భద్రత రూలు తప్పదు.

కరెంటు దగ్గరే అసలు పని

ఇన్‌స్పెక్షన్లలో ఎక్కువ నిశితంగా చూసేది కరెంటు పనినే, చూడాల్సిందీ దాన్నే. ఒళ్ళంతా తడిసి, ఉప్పూ క్లోరిన్ కలిసిన నీళ్ళలో కూర్చున్న మనిషికి చర్మం ఇచ్చే రక్షణ చాలావరకు పోతుంది. పొడి చేత్తో తాకితే జివ్వుమని వదిలేసే కరెంటు అక్కడ గుండెను ఆపగలదు.

టబ్బులు రెండు రకాలు. 120 వోల్టులవి మామూలు ప్లగ్గుతో నడుస్తాయి. వీటి హీటరు చిన్నది, నీళ్ళు కాగడానికి ఒక రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. 240 వోల్టులవి సాధారణంగా 50 ఆంపుల విడి సర్క్యూట్ అడుగుతాయి, ఇంటి బ్రేకర్లన్నీ ఉండే ప్యానెల్ నుంచి నేరుగా వైరు లాగి బిగించాలి. ఈ రెండో రకానికి ఎలక్ట్రికల్ పర్మిట్ లేకుండా పని చేయనిచ్చే సిటీ ఉంటుందని నేను అనుకోను. ఎలక్ట్రికల్ కోడ్‌లో ఆర్టికల్ 680 మొత్తం కొలనులు, స్పాలు, ఫౌంటెన్ల గురించే. అందులో ఇంటివాడు తెలుసుకోవాల్సినవి ఎన్నో లేవు, కానీ ఒక్కోదాని వెనక ఉన్న కారణం తెలిస్తే ఎలక్ట్రీషియన్ ఎక్కడ అడ్డదారి తొక్కుతున్నాడో మనమే పట్టుకోవచ్చు.

మొదటిది జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే సాధనం. మన దేశంలో ఈఎల్‌సీబీ అనీ ఆర్‌సీసీబీ అనీ పిలిచేవాటికి ఇది దగ్గరి చుట్టం. వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా లేకపోతే, మధ్యలో ఎక్కడో, బహుశా ఒక మనిషి గుండా, నేలలోకి జారుతోందని అర్థం. హైదరాబాద్ ఇళ్ళలో మనుషుల రక్షణకు పెట్టేవి 30 మిల్లీఆంపుల దగ్గర పడిపోతాయి. అమెరికాలో జీఎఫ్‌సీఐ 5 మిల్లీఆంపుల దగ్గరే పడిపోతుంది. టబ్బుకు వెళ్ళే సర్క్యూట్‌కు ఇది తప్పనిసరి. "మాటిమాటికీ ట్రిప్ అవుతోందండీ" అని దాన్ని తీసేసి మామూలు బ్రేకర్ వేయించుకునేవాళ్ళు ఉన్నారని ఎలక్ట్రీషియన్లే చెబుతారు. హీటరు పాడై కరెంటు నీళ్ళలోకి వస్తోందని అది మొత్తుకుంటుంటే దాని నోరు మూయించడం అన్నమాట.

రెండోది డిస్‌కనెక్ట్, అంటే టబ్బుకు దగ్గర్లో పెట్టే స్విచ్ డబ్బా. ఇది టబ్బు లోపలి గోడకు కనీసం 5 అడుగుల దూరంలో ఉండాలి, అదే సమయంలో టబ్బు దగ్గర్నుంచి కంటికి కనిపించాలి. రెండు షరతులూ ఎదురెదురుగా ఉన్నట్టు అనిపిస్తాయి గానీ కారణాలు వేరు. నీళ్ళలో ఉన్నవాడి తడి చెయ్యి దానికి అందకూడదు, అందుకు 5 అడుగులు. లోపల చెయ్యి పెట్టి రిపేరు చేస్తున్న మనిషికి, స్విచ్ ఇంకెవరూ వేయడం లేదని తల తిప్పి చూస్తే తెలియాలి, అందుకు కనిపించడం. ఇంటి మూల తిరిగాక గ్యారేజీ గోడకు పెట్టి "దగ్గరేగా" అంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. మామూలు ప్లగ్ పాయింట్లు కూడా 6 అడుగుల లోపల ఉండకూడదు. పాత ప్యాటియోల్లో (ఇంటి వెనక రాళ్ళో కాంక్రీటో పరిచిన చోటు) గోడకు ముందే ఒక పాయింటు ఉంటుంది, టబ్బు దాని పక్కనే బాగుంటుందనిపిస్తుంది. పాయింటైనా జరగాలి, టబ్బైనా జరగాలి. తల ఎత్తి కూడా చూడాలి: వీధి స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు తీగ నీటి మట్టం నుంచి ఏ వైపుకైనా 22.5 అడుగుల దూరంలో ఉండాలి. కొత్త కాలనీల్లో తీగలు భూమిలోనే వెళ్తాయి కాబట్టి ఈ గొడవ తక్కువ, పాత ఊళ్ళలో చోటు మొత్తాన్ని కొట్టిపారేసేది తరచూ ఇదే.

మూడోది, ఎక్కువమందికి అర్థం కానిది, బాండింగ్. ఎర్తింగ్ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు: లోపల తీగ తెగి లోహానికి తగిలితే ఆ కరెంటు వెనక్కి పోయి బ్రేకర్ పడిపోయేలా చేసే దారి అది. బాండింగ్ చేసే పని వేరు. టబ్బు పంపు, దగ్గర్లోని లోహపు రెయిలింగు, కాంక్రీటులోని ఇనుప చువ్వలు, మనం తడి కాళ్ళతో నిలబడే నేల, వీటన్నిటినీ రాగి తీగతో ఒకదానికొకటి కలిపేస్తుంది. అప్పుడు ఎక్కడి నుంచో కొద్దిపాటి వోల్టేజీ వచ్చినా అన్నీ ఒకే స్థాయిలో ఉంటాయి. ఒక చెయ్యి రెయిలింగు మీద, ఒక కాలు నీళ్ళలో ఉన్నా ఆ రెండిటి మధ్య తేడా లేదు కాబట్టి ఒంట్లోంచి కరెంటు పోదు. భూమి మీద పెట్టే రెడీమేడ్ టబ్బులకు ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. టబ్బు అంచు, చుట్టూ 30 అంగుళాల లోపల ఉన్న నేల కంటే కనీసం 28 అంగుళాలు ఎత్తున ఉండి, టబ్బు ఆ వాడకానికని ముద్ర వేయించుకున్నదై, తయారీదారు చెప్పినట్టు బిగిస్తే, చుట్టూ నేలకు విడిగా బాండింగ్ అక్కర్లేదు. చూడ్డానికి బాగుంటుందని టబ్బును సగం డెక్‌లోకి దింపితే ఈ వెసులుబాటు పోతుంది. డిజైనర్లు గీసే అందమైన బొమ్మల్లో టబ్బు ఎప్పుడూ దిగే ఉంటుంది, దాని వెనక రాగి తీగ ఖర్చు మాత్రం బొమ్మలో కనపడదు.

వీటన్నిటికీ ముందు ప్యానెల్‌లో చోటుందా అన్న ప్రశ్న ఒకటుంది. పాత ఇళ్ళలో మొత్తం సరఫరానే 100 ఆంపులు ఉండొచ్చు. కొత్త ఇళ్ళలో 200 ఉన్నా, ఎలక్ట్రిక్ కారు చార్జరు ఇప్పటికే 60 ఆంపుల సర్క్యూట్ మీద ఉంటే, ఓవెన్, డ్రయ్యర్, ఏసీ లెక్కలన్నీ కలిపి చూడాలి. ఈ లోడు లెక్క కాగితం మీద వేసి చూపమని చాలా సిటీలు అప్లికేషన్‌తోనే అడుగుతాయి. ప్యానెల్ మార్చాల్సి వస్తే టబ్బు బడ్జెట్ ఒక్కసారిగా వేరే బడ్జెట్ అయిపోతుంది, అందుకే ఎలక్ట్రీషియన్‌ను షోరూముకు వెళ్ళకముందే పిలవాలి.

టబ్బు దాకా వైరు భూమిలో వేయడానికి ట్రెంచ్ (కందకం) తవ్వేవాళ్ళకు ఒక్క మాట. ప్లాస్టిక్ పైపులో వెళ్ళే వైరు సాధారణంగా 18 అంగుళాల లోతున ఉండాలి. ఆ లోతును ఇన్‌స్పెక్టర్ కళ్ళతో చూడాలి, కాబట్టి ఆయన వచ్చి చూసేదాకా మట్టి పూడ్చకూడదు. శనివారం పని అయిపోయిందని ఆదివారం పూడ్చేసి గడ్డి పరిచినవాళ్ళు సోమవారం మళ్ళీ తవ్వాలి. తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో వచ్చి రంగుతో గుర్తులు పెట్టి వెళ్తారు, పైసా తీసుకోరు.

కంచె లేదా మూత

అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం నీళ్ళలో మునిగిపోవడం. కంచె రూళ్ళన్నీ ఈ ఒక్క వాక్యం నుంచి పుట్టినవే. అందుకే వాటిలోని కొలతలన్నీ పిల్లల ఒంటి కొలతలే.

పూల్ అండ్ స్పా కోడ్ ప్రకారం కంచె కనీసం 48 అంగుళాల ఎత్తు ఉండాలి, కాలిఫోర్నియా చట్టం 60 అడుగుతుంది. 4 అంగుళాల బంతి ఎక్కడా దూరకూడదు, ఎందుకంటే చిన్న పిల్లల తల అంతకంటే పెద్దది, తల పట్టని సందులోంచి పిల్లవాడు పోలేడు. గేటు దానంతట అదే మూసుకోవాలి, దానంతట అదే గడియ పడాలి, నీళ్ళ వైపుకు కాకుండా బయటికి తెరుచుకోవాలి. లోపలికి తోస్తే తెరుచుకునే గేటు, గడియ సరిగ్గా పడనప్పుడు, పిల్లవాడు ఆనుకుంటేనే తెరుచుకుంటుంది. గడియ 54 అంగుళాల ఎత్తున ఉండాలి, లేకపోతే లోపలి వైపు చేతికి అందని చోట పెట్టాలి. పెరటి చుట్టూ ఇప్పటికే ఉన్న చెక్క కంచె చాలామందికి ఎత్తులో సరిపోతుంది, గేటు దగ్గరే తప్పుతుంది: స్ప్రింగు ఉండదు, లేదా గడ్డి కోసేవాళ్ళు ఇటుక అడ్డం పెట్టి వదిలేస్తారు.

హాట్ టబ్‌కు మాత్రం కోడ్ ఇంకో దారి ఇచ్చింది. ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ పెట్టిన ఎఫ్ 1346 ప్రమాణానికి సరిపోయే, తాళం వేసుకోగల మూత ఉంటే కంచె అక్కర్లేదు. పూల్ అండ్ స్పా కోడ్‌లోనూ కాలిఫోర్నియా చట్టంలోనూ ఈ మినహాయింపు ఉంది. కాలిఫోర్నియా 2018 నుంచి కొత్త కొలనులకు ఏడు రకాల రక్షణల్లో కనీసం రెండు పెట్టమంటోంది. తాళం మూత ఉన్న హాట్ టబ్ ఆ బాదరబందీ నుంచి బయటపడుతుంది. కానీ "మూత ఉంది" అనడం, "ఎఫ్ 1346 మూత ఉంది" అనడం ఒకటి కావు. వేడి పోకుండా ఆపడానికి ఇచ్చే నురుగు మూత పిల్లవాడు పైన ఎక్కితే ఒక పక్క వంగి లోపలికి జారొచ్చు. ఈ ప్రమాణం మూత ఒక పిల్లవాడితో పాటు, కాపాడబోయిన పెద్దమనిషి బరువు కూడా మోస్తుందా, అంచుల్లోంచి పిల్లవాడు దూరగలడా, మీద వాన నీళ్ళు నిలుస్తాయా అని పరీక్షిస్తుంది. మూత మీద ఆ అంకె ఉన్న లేబుల్ ఉందో లేదో చూసి, ఫొటో తీసి పెట్టుకోవాలి. అయిదేళ్ళకో ఆరేళ్ళకో నీరు పట్టి బరువెక్కిన మూతను మార్చేటప్పుడు ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికేవాటికి ఈ లేబుల్ ఉండకపోవచ్చు. ఆ రోజుతో మన మినహాయింపు కూడా పోయినట్టే, అది మనకు ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

నా మటుకు నేను చిన్న పిల్లలున్న ఇంటికి మూతా కంచే రెండూ ఉండాలంటాను. మూత తీసి, తువ్వాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళొచ్చే ఆ కాస్త సేపూ ఏ ప్రమాణమూ కాపలా కాయదు. మన ఇళ్ళలో పుట్టినరోజు, సత్యనారాయణ వ్రతం అంటే ముప్పై నలభై మంది వస్తారు, పిల్లల్ని ఎవరో ఒకరు చూస్తున్నారులే అని అందరూ అనుకుంటారు. ఆ రోజుల్లో తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకోవడమే సరైన పని.

కూర్చునే చోటు

ఓ మాదిరి టబ్బులో 400 గ్యాలన్ల నీళ్ళు పడతాయి. అంటే 1,500 లీటర్ల పైమాట, బరువు 3,300 పౌండ్లు. టబ్బు సొంత బరువు ఓ 800, ఆరుగురు మనుషులు ఓ వెయ్యి. మొత్తం 5,000 దాటింది. 7 అడుగుల చదరపు టబ్బు అయితే ప్రతి చదరపు అడుగు మీద 100 పౌండ్ల పైనే. ఇళ్ళ డెక్‌లను మామూలుగా చదరపు అడుగుకు 40 పౌండ్ల భారానికి కడతారు. మిగతా లెక్క చెప్పక్కర్లేదు. డెక్ మీద పెట్టాలంటే బిల్డింగ్ పర్మిట్, దాంతో పాటు స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం అడుగుతారు, అడగని ఊళ్ళో అయినా మనమే చేయించుకోవాలి. నేల మీద కాంక్రీటు పలక వేయడం చవక. డాలస్ ప్రాంతంలో మాత్రం కింద ఉండేది మన నల్లరేగడి జాతి మట్టే: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగుళ్ళిస్తుంది. అక్కడ పలక కింద నేలను సరిగ్గా తయారు చేయకపోతే రెండు వేసవులకు టబ్బు ఒక పక్కకు ఒరుగుతుంది.

జోనింగ్ సంగతి చిన్నదే. పక్కింటి హద్దు నుంచి ఇంత దూరం అని ఒక్కో ఊరు ఒక్కో అంకె పెట్టుకుంటుంది. ఇల్లు కొన్నప్పుడు ఇచ్చిన సర్వే కాగితంలో పెరటి వెనక గీతలు గీసిన ఈజ్‌మెంట్ (యుటిలిటీ కంపెనీలకు వాడుకునే హక్కున్న పట్టీ) ఉంటే ఆ పట్టీలో టబ్బు పెట్టొద్దు, యుటిలిటీ కంపెనీ తవ్వాలనుకున్న రోజు మన ఖర్చుతో తీయాల్సిందే. కిటికీ పక్కన పెట్టాలనుకునేవాళ్ళు ఇంకోటి చూడాలి: నీటి అంచుకు 60 అంగుళాల లోపల ఉండి, కింది అంచు నడిచే నేల నుంచి 60 అంగుళాల కంటే తక్కువ ఎత్తున ఉన్న అద్దం, పగిలితే గుచ్చుకోని సేఫ్టీ గ్లాస్ అయి ఉండాలి. తడి కాళ్ళతో జారి అద్దం మీద పడతారని.

నీళ్ళలో ఉన్న ప్రమాదాలు

2002 జూన్‌లో వర్జీనియాలో ఏడేళ్ళ గ్రేమ్ బేకర్ హాట్ టబ్ అడుగున ఉన్న డ్రెయిన్ లాగుడుకు అతుక్కుపోయి చనిపోయింది. ఇద్దరు మగవాళ్ళు బలమంతా పెట్టి లాగితే డ్రెయిన్ మూత విరిగి గానీ పాప బయటికి రాలేదు. ఆ పాప, అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన జేమ్స్ బేకర్ మనవరాలు. ఆ కుటుంబం పట్టుబట్టి తిరగడంతో 2007 డిసెంబర్‌లో ఆమె పేరు మీదే చట్టం వచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అమెరికాలో అమ్మే ప్రతి డ్రెయిన్ మూతా అతుక్కుపోకుండా ఆపే ప్రమాణానికి సరిపోవాలి. ఫెడరల్ ప్రభుత్వం చెయ్యి ఇంటి టబ్బు దాకా నేరుగా వచ్చేది ఇలాంటి ఒకటి రెండు చోట్లే. సెకండ్ హ్యాండ్‌లో పాత టబ్బు కొనేవాళ్ళు ముందు చూడాల్సింది ఈ మూతనే. పగిలినా, ఊడినా, స్క్రూ లేకపోయినా అందులో ఎవరూ దిగకూడదు. పొడుగు జుట్టు కూడా ఈ లాగుడులోకి పోయి చిక్కుకుంటుంది, ఆడపిల్లలకు జడ ముడి వేసి పైకి కట్టాలి.

వేడికి హద్దు 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెల్సియస్. 110 డిగ్రీల దగ్గరున్న నీళ్ళలో కొందరు చనిపోయారని వినియోగదారుల భద్రత కమిషన్‌కు 1979లో తెలిసింది. ఆ వేడికి మగత కమ్మి, స్పృహ తప్పి, మునిగిపోతారు. 1987లో ఆ కమిషన్ సాయంతోనే 104 దాటనివ్వని కంట్రోళ్ళ ప్రమాణం వచ్చింది. 104 అనేది ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ హద్దు. ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు బీపీ మాత్రలు ఉంటే, వేడి నీళ్ళు రక్తనాళాలను వెడల్పు చేసి బీపీని ఇంకా దించుతాయి. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి. డాక్టర్ని అడగాలి, వేడి తగ్గించాలి, పది నిమిషాల్లో బయటికి తేవాలి, ఒంటరిగా వదలకూడదు. గర్భిణులు, చిన్న పిల్లలు డాక్టర్ని అడగకుండా దిగొద్దని ఆ కమిషనే చెబుతుంది. మందు తాగి దిగడం గురించి కూడా చెబుతుంది, మనవాళ్ళు వినేది తక్కువ.

క్రిముల సంగతి ఇంకా మోసకారి. 2019 సెప్టెంబర్‌లో నార్త్ కరోలినాలోని ఫ్లెచర్‌లో జరిగిన మౌంటెన్ స్టేట్ ఫెయిర్‌లో అమ్మకానికి ప్రదర్శించిన హాట్ టబ్బుల నుంచి లెజియనెల్లా (ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే క్రిమి) వ్యాపించి ఉండొచ్చని ఆరోగ్యశాఖ తేల్చింది. వంద మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు. ఆ టబ్బుల పక్క నుంచి నడుస్తూ ఆవిరితో లేచిన తుంపర పీల్చితేనే జబ్బు వచ్చి ఉండొచ్చు. వేడి నీళ్ళలో క్లోరిన్ తొందరగా ఆవిరైపోతుంది, క్రిములకేమో ఆ గోరువెచ్చదనమే ఇష్టం. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ లెక్క ప్రకారం క్లోరిన్ కనీసం 3 పీపీఎం (పది లక్షల్లో 3 వంతులు), బ్రోమిన్ వాడితే కనీసం 4, పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలి. సొంత ఇంటి టబ్బులో ఇది కొలవడానికి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. వారాంతాల్లో ఆ ఇంటిని అద్దెకిస్తే మాత్రం కొన్ని చోట్ల ఆరోగ్యశాఖ రూళ్ళు మీద పడతాయి, అది ముందే కనుక్కోవాలి.

కాగితాలు ఏ వరసలో

హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, సిటీలో భాగం కాదు; సిటీ హెచ్‌ఓఏ మాట వినదు. ఒకరు ఒప్పుకున్నా రెండోవాళ్ళు కాదనొచ్చు. హెచ్‌ఓఏ పట్టించుకునేది ఎక్కువగా వీధిలోంచి కనిపిస్తుందా, పంపు చప్పుడు పక్కింటికి వినిపిస్తుందా అన్నవే. జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు కాబట్టి దాన్ని ముందు పంపి, ఆ వారాల్లో సిటీ పని చేసుకోవాలి. సిటీకి ఫోన్ చేసి "హాట్ టబ్‌కి పర్మిట్ కావాలా" అంటే ముక్తసరి జవాబే వస్తుంది. "240 వోల్టులది, ఎఫ్ 1346 మూత ఉంది, పెరట్లో కొత్త కాంక్రీటు పలక మీద, హద్దుకి ఇన్ని అడుగుల్లో పెడుతున్నాం, ఏయే పర్మిట్లు, ఏయే ఇన్‌స్పెక్షన్లు" అని అడిగితే అవతలి మనిషి కూడా సరిగ్గా చెప్పగలుగుతారు. జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకుంటే ఇంకా మేలు. ఎక్కువ ఊళ్ళు అడిగేవి టబ్బు ఎక్కడో గీసిన సర్వే కాపీ, తయారీదారు కాగితం, వైరింగు వివరం.

ఎలక్ట్రీషియన్ "మీ పేరు మీద మీరే పర్మిట్ తీసుకోండి, తొందరగా అవుతుంది" అంటే ఆగి ఆలోచించాలి. చాలా చోట్ల ఇంటి యజమాని సొంత ఇంటికి తీసుకోవచ్చు, కానీ అప్పుడు పనికి పూచీ అతనిది కాదు, మనది. లైసెన్సు లేనివాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే.

ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా ఉండటం పొరపాటు. పిలవకుండా పెరట్లోకి వచ్చిన పిల్లవాడికి ప్రమాదం జరిగినా, పిల్లల్ని ఆకర్షించే వస్తువును రక్షణ లేకుండా ఉంచినందుకు ఇంటి యజమాని మీద కేసు వేసే వీలు అమెరికా చట్టంలో ఉంది. ప్రీమియం కాస్త పెరిగినా, అంబ్రెల్లా పాలసీ (మామూలు పాలసీ హద్దు దాటిన నష్టానికి అదనపు ఇన్సూరెన్స్) తీసుకోవాల్సి వచ్చినా, ఆ కేసు ముందు అది చిన్న ఖర్చు. పర్మిట్ లేకుండా చేసిన పని ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది: కొనేవాళ్ళ ఇన్‌స్పెక్టర్ 50 ఆంపుల బ్రేకర్ చూసి సిటీ రికార్డులో వెతుకుతాడు, దొరకదు. అప్పుడు తీసుకునే పర్మిట్‌కు చాలా సిటీల్లో రుసుము ఎక్కువ, పూడ్చిన ట్రెంచ్ మళ్ళీ తవ్వి చూపించమన్నా అనొచ్చు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యాక ఇచ్చే కాగితాన్ని ఇంటి దస్తావేజుల్లో పెట్టాలి.

ఇక మిగిలింది నీళ్ళు మార్చడం, ఇది మూడు నాలుగు నెలలకోసారి తప్పని పని. వీధి పక్కనున్న వాన నీటి కాలువలోకి క్లోరిన్ నీళ్ళు వదలడం చాలా సిటీల్లో నిషేధం, ఎందుకంటే ఆ కాలువ శుద్ధి ప్లాంటుకు పోదు, నేరుగా వాగులోకి పోయి చేపల్ని చంపుతుంది. మూత తీసి రెండు మూడు రోజులు క్లోరిన్ పోనిచ్చి, స్ట్రిప్‌తో పరీక్షించి, సున్నా చూపించాక గడ్డికి పెట్టొచ్చు. ఆ రెండు మూడు రోజులు తాళం ఉండదు కాబట్టి పెరటి గేటు మూసే ఉంచాలి. అంత ఓపిక లేకపోతే, సిటీ ఒప్పుకునే చోట, ఇంటి మురుగు పైపు క్లీన్ఔట్‌లోకి (పైపు శుభ్రం చేయడానికి మూతతో ఉంచే నోరు) గొట్టం పెట్టి వదిలేయొచ్చు.